పంటి వేరులో ఎన్ని కాలువలు?

ఒక ఊళ్లో ఒక అక్క ఉంది అనుకోండి. వయసు నలభై దాటింది. ఎడమవైపు పై దవడ పన్ను పిప్పిపట్టింది. మొదట్లో చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది. అక్క పట్టించుకోలేదు. అవి కలుపు తీసే రోజులు. పనికి పోకపోతే కూలి పోతుంది. పన్ను సంగతి తరువాత చూద్దాంలే అనుకుంది. లవంగం పెట్టి కొరికింది. ఉప్పునీళ్లు పుక్కిలించింది. నాలుగు రోజులు తగ్గింది. మళ్లీ వచ్చింది. ఈసారి రాత్రిపూట వచ్చింది. చెంప వాచింది. పిల్లలు అన్నం పెట్టమన్నా చిరాకు. అత్త పలకరించినా చిరాకు.

చివరికి టౌనుకు పోయింది. పళ్ల డాక్టరు చూశాడు. "పన్ను పీకక్కర్లేదమ్మా. వేరు లోపల శుభ్రం చేసి మూసేస్తే సరిపోతుంది" అన్నాడు. దీన్నే రూట్ కెనాల్ వైద్యం అంటారు. అక్క మూడుసార్లు తిరిగింది. దాచుకున్న డబ్బు ఖర్చయింది. పన్ను మీద తొడుగు వేశారు. హమ్మయ్య అనుకుంది.

ఆరు నెలలు గడిచాయి. అదే పన్ను మళ్లీ సలపడం మొదలుపెట్టింది.

"బూడిదలో పోసిన పన్నీరైంది నీ డబ్బు. అప్పుడే పీకించేస్తే పీడా పోయేది" అంది అత్త.

అక్క మోసపోయిందా? డాక్టరు పని సరిగా చేయలేదా? కావచ్చు. కాకపోనూ వచ్చు. ఆ పన్ను వేరులో కంటికి ఆనని కాలువ ఒకటి మిగిలిపోయి ఉండొచ్చు. అట్లాంటి కాలువలను వెతకడానికి వైద్యులు నూరేళ్లకు పైగా కష్టపడ్డారు. రబ్బరు పోసి చూశారు. పళ్లు కోసి చూశారు. రంగు పోసి చూశారు. ఇప్పుడు పన్నును కోయకుండానే, నోట్లో ఉండగానే, అన్ని వైపుల నుంచీ చూసే యంత్రాలు వచ్చాయి.

పన్ను లోపల ఏముంది?

బయటికి కనిపించే పన్ను కొంతే. మిగతాది చిగురు కింద, దవడ ఎముకలో ఉంటుంది. అదే వేరు. చెట్టుకు వేరు ఎట్లాగో పన్నుకు వేరు అట్లాగ. ముందు పళ్లకు సాధారణంగా ఒకటే వేరు. కింది దవడ పళ్లకు రెండు. పై దవడ పళ్లకు మూడు. ఆ మూడింటిలో రెండు చెంపవైపు ఉంటాయి. ఒకటి అంగిలివైపు ఉంటుంది.

పన్ను పైన తెల్లని గట్టి పొర ఉంటుంది. దాని పేరు ఎనామిల్. మన ఒంట్లో దానికన్నా గట్టిది లేదు. ఎముక కూడా దాని తరువాతే. ఎనామిల్ కింద కొంచెం పసుపు రంగు పొర ఉంటుంది. అది డెంటిన్. డెంటిన్ మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో మెత్తని గుజ్జు ఉంటుంది. సన్నని రక్తనాళాలు, నరాలు అందులోనే ఉంటాయి. చల్లదనం తగిలినప్పుడు జివ్వుమనిపించేది ఆ నరాలే.

ఈ గుజ్జు ఉండే చోటును చెరువుతో పోల్చుకోవచ్చు. చెరువు పన్ను తలలో ఉంటుంది. చెరువు అడుగున తూములు ఉంటాయి. ఒక్కో తూము నుంచి ఒక్కో కాలువ వేరులోకి దిగుతుంది. వేరు కొస దాకా పోతుంది. పన్ను మొత్తం పొడవే రెండు సెంటీమీటర్లు. అందులో కాలువ ఎంత సన్నగా ఉంటుందో ఊహించుకోవచ్చు. కొన్ని కాలువల్లోకి తల వెంట్రుక దూరడం కూడా కష్టమే.

పంటికి పురుగు పట్టింది అని అంటారు. పంటిలో పురుగు ఉండదు. గింజల పొగ పట్టి పురుగులు రాల్చామని చూపించేవాళ్లు చూపించేది వేరే పురుగులను. పన్నును పాడుచేసేవి కంటికి కనపడని సూక్ష్మజీవులు. మనం తినే తీపి, పిండి వాటికి మేత. ఆ మేత తిని అవి ఆమ్లం తయారుచేస్తాయి. ఆమ్లం అంటే పులుపు. ఆ పులుపు ఎనామిల్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గుంట పడుతుంది. గుంట లోతై గుజ్జును చేరితే నొప్పి మొదలు. ఆ తరువాత గుజ్జు చచ్చిపోతుంది, కుళ్లుతుంది. అప్పుడు నొప్పి తగ్గినట్టు అనిపించవచ్చు. చాలామంది ఇక్కడే మోసపోతారు. నరం చచ్చిపోయింది కాబట్టి నొప్పి లేదు. జబ్బు మాత్రం కాలువల గుండా కిందికి దిగుతూనే ఉంటుంది. వేరు కొసన ఎముకను తినేస్తుంది. చీము పడుతుంది.

వైద్యం ఎట్లా చేస్తారు?

పన్ను తలలో చిన్న రంధ్రం చేస్తారు. లోపలి కుళ్లిన గుజ్జును తీసేస్తారు. సన్నని సూదుల్లాంటి ఆకురాళ్లు ఉంటాయి. వాటితో కాలువ గోడలను గీకుతారు. మందునీళ్లతో కడుగుతారు. ఆ మందు బట్టల మరకలు పోగొట్టే తెల్ల మందు జాతిదే. దాని కొలత వేరు, వాడే పద్ధతి వేరు. ఇంట్లో ఎవరూ దాన్ని నోట్లో పోసుకోకూడదు. కడిగాక కాలువను ఆరబెడతారు. గట్టా పెర్చా అనే పదార్థంతో మూసేస్తారు. అది ఒక చెట్టు పాల నుంచి వస్తుంది. మలేషియా వైపు అడవుల్లో పెరిగే చెట్టు అది. చివరికి పన్ను విరిగిపోకుండా పైన తొడుగు వేస్తారు.

అంటే వైద్యమంతా కాలువలను శుభ్రం చేయడంలోనే ఉంది. నాలుగు కాలువలున్న పన్నులో మూడే శుభ్రం చేస్తే ఏమవుతుంది? మూడు కాలువల్లో పూడిక తీసి, నాలుగోదాన్ని మురుగుతో వదిలేసినట్టే. ఆ మురుగు మళ్లీ ఊరుతుంది. అక్క పన్ను సలపడానికి అదే కారణం కావచ్చు.

మరి డాక్టరుకు నాలుగోది ఎందుకు కనపడలేదు?

మూడు వేళ్లు, నాలుగు కాలువలు

పై దవడలో మొదటి దవడ పన్నుకు మూడు వేళ్లు ఉంటాయి. వేరుకొక కాలువ అనుకుంటే మూడు కాలువలు ఉండాలి. చాలాకాలం ఎక్కువమంది వైద్యులు అట్లాగే అనుకున్నారు. మూడు శుభ్రం చేసి మూసేసేవారు. కొన్ని పళ్లు బాగయ్యేవి. కొన్ని మళ్లీ నొప్పి పెట్టేవి.

చెంపవైపు ముందున్న వేరు గుండ్రంగా ఉండదు. చప్పిడిగా, వెడల్పుగా ఉంటుంది. వెడల్పు వేరులో ఒక కాలువ పక్కన ఇంకో కాలువ ఉండటానికి చోటు ఉంది. 1969లో అమెరికాలో ఫ్రాంక్లిన్ వైన్ అనే దంతవైద్యుడు, ఆయన తోటివాళ్లు 208 పళ్లను తీసుకుని ఈ వేరును కోసి చూశారు. సుమారు సగం పళ్లలో రెండో కాలువ కనిపించింది. ఈనాటి యంత్రాలతో చూస్తే సగానికి మించి పళ్లలో కనిపిస్తోంది. దాని నోరు చాలా సన్నం. పైగా డెంటిన్ చూరు కింద దాక్కుని ఉంటుంది. వయసు మీదపడే కొద్దీ ఇంకా మూసుకుపోతుంది. ఉత్త కంటితో చూస్తే దొరకడం కష్టం. దొరకనంత మాత్రాన డాక్టరు దొంగ అనడానికి లేదు. కానీ ఉండొచ్చు అని తెలిసీ వెతకకపోతే అది వేరే మాట.

రబ్బరు పోసి చూసిన డాక్టరు

ఈ వెతుకులాట 1969లో మొదలైంది కాదు. స్విట్జర్లాండ్ దేశంలో జ్యూరిక్ అనే పట్నం ఉంది. అక్కడ వాల్టర్ హెస్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. పన్ను లోపల కాలువలు ఎట్లా ఉంటాయో ఆయన తెలుసుకోవాలనుకున్నాడు. పన్నును పగలగొడితే కాలువ కూడా పగిలిపోతుంది. అందుకని ఆయన ఒక ఉపాయం చేశాడు.

పీకేసిన పళ్లను తెచ్చాడు. కాలువల్లోకి మెత్తని రబ్బరు ఎక్కించాడు. రబ్బరును గట్టిపరిచాడు. తరువాత పన్నును ఆమ్లంలో వేశాడు. పన్ను కరిగిపోయింది. రబ్బరు కరగలేదు. కాలువల ఆకారం అట్లాగే మిగిలింది. ఇత్తడి బొమ్మలు పోతపోసేవాళ్ల పని లాంటిదే ఇది. అచ్చు పోయింది, బొమ్మ మిగిలింది.

సుమారు 2,800 పళ్లను ఆయన ఇట్లా చూశాడు. 1917లో జర్మన్ భాషలో ప్రచురించాడు. 1925లో అది ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. ఆ రబ్బరు బొమ్మలను చూస్తే, కాలువ అంటే తిన్నని గొట్టం కాదు అని తెలిసిపోతుంది. కొన్ని కాలువలు చీలిపోయాయి. కొన్ని చీలి మళ్లీ కలిశాయి. రెండు కాలువల మధ్య పిల్లకాలువలు ఉన్నాయి. కొన్ని కొసన చెట్టు కొమ్మల్లా విడిపోయాయి. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలు పాయలుగా చీలుతుంది కదా. ఆ చోటును డెల్టా అంటారు. వేరు కొసన కాలువ పాయలుగా చీలితే దంతవైద్యులు కూడా దాన్ని డెల్టా అనే పిలుస్తారు.

1984లో అమెరికాలో వెర్టూచి అనే దంతవైద్యుడు ఇంకో పద్ధతిలో చూశాడు. 2,400 పళ్లలో రంగు ఎక్కించాడు. పళ్లను మందుల్లో నానబెట్టి గాజులా మార్చాడు. పన్ను గాజులా, లోపల కాలువ రంగుగీతలా కనిపించింది. కాలువల తీరును ఆయన 8 రకాలుగా విడదీశాడు. దంతవైద్య విద్యార్థులు ఇప్పటికీ ఆ 8 రకాలు చదువుతారు.

ఈ పద్ధతులన్నిటికీ ఒక లోపం ఉంది. పన్ను పీకితేనే చూడగలం. చూశాక పన్ను మిగలదు. మన అక్క పన్ను ఆమె నోట్లోనే ఉండాలి. అప్పుడు ఎట్లా?

నీడ చెప్పేది సగమే

1895లో జర్మనీలో రాంట్‌జన్ అనే శాస్త్రవేత్త ఎక్స్‌రే కిరణాలను కనిపెట్టాడు. ఆ ఏడాది డిసెంబరులో తన భార్య చేతిని ఆ కిరణాలతో ఫోటో తీశాడు. చేతి ఎముకలు కనిపించాయి. వేలికున్న ఉంగరం కూడా కనిపించింది. ఆ సంగతి లోకమంతా పాకింది. 1896 జనవరిలోనే జర్మనీలో వాల్ఖాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లను తనే ఎక్స్‌రే తీయించుకున్నాడు. అందుకోసం 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు అదే పని సెకనులోపు అయిపోతుంది.

అమెరికాలో న్యూ ఆర్లియన్స్ అనే ఊళ్లో కెల్స్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. పంటి కాలువలో సన్నని సీసం తీగ పెట్టి, ఎక్స్‌రే తీసి, కాలువ ఎంత పొడవుందో చూసినవాడు ఆయనే. అది 1899. కానీ ఆ కిరణాల వల్ల ముప్పు ఉందని అప్పటికి సరిగా తెలియదు. యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి ఆయన రోజూ తన చేతినే అడ్డంపెట్టేవాడు. ఏళ్ల తరబడి అట్లా చేశాడు. చేతికి కాన్సర్ వచ్చింది. ముందు వేళ్లు తీసేశారు. తరువాత చెయ్యి తీసేశారు. 1928లో చనిపోయాడు. ఇప్పుడు ఎక్స్‌రే తీసేవాళ్లు గోడ అవతలికి ఎందుకు పోతారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మామూలు ఎక్స్‌రే ఫోటో అంటే ఒక రకంగా నీడ. రాత్రిపూట దీపం ముందు చెయ్యి పెట్టి చూడండి. అరచేయి చాపితే గోడ మీద అయిదు వేళ్ల నీడ పడుతుంది. ఇప్పుడు చేతిని పక్కకు తిప్పండి. నాలుగు వేళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. గోడ మీద ఒకే వేలు నీడ కనపడుతుంది. వేళ్లు పోయాయా? పోలేదు. ఒకదాని చాటున ఒకటి ఉన్నాయి.

పై దవడ పన్నులో జరిగేదీ ఇదే. ఒకే వేరులో రెండు కాలువలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఫోటోలో ఒకటే గీత కనిపిస్తుంది. అందుకే అనుభవం ఉన్న డాక్టర్లు ఒక ఫోటోతో ఊరుకోరు. యంత్రాన్ని కొంచెం పక్కకు జరిపి ఇంకోటి తీస్తారు. వేళ్లను కొంచెం వాల్చినట్టన్నమాట. అప్పుడు రెండో నీడ బయటపడొచ్చు. పడకపోవచ్చు కూడా.

పంటి చుట్టూ ప్రదక్షిణ

నీడ ఒకవైపు నుంచే ఎందుకు చూడాలి? చుట్టూ తిరిగి చూడకూడదా? ఇంగ్లండు దేశంలో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు ఈ ఆలోచనను యంత్రంగా మార్చాడు. ఆ యంత్రం మనిషి తల చుట్టూ అనేక కోణాల నుంచి కిరణాలు పంపింది. లెక్కలన్నీ కంప్యూటరు వేసింది. 1971లో లండన్ ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి తలను ఇట్లా చూశారు. ఆ రోగి ఒక మహిళ. ఆమె మెదడులో ఉన్న గడ్డ తల కోయకుండానే కనిపించింది. దీనికే సీటీ స్కాన్ అని పేరు. హౌన్స్‌ఫీల్డ్‌కు, ఆ లెక్కలను ముందే విడిగా ఆలోచించిన కార్మాక్ అనే శాస్త్రవేత్తకు కలిపి 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

సీటీ ఏం చేస్తుందో వంటింట్లో చూడొచ్చు. బెండకాయను బయటి నుంచి చూస్తే లోపల ఎన్ని గదులున్నాయో తెలియదు. చక్రాలుగా తరిగితే తెలుస్తుంది. ప్రతి చక్రంలో గదులు, గింజలు కనిపిస్తాయి. ఆ చక్రాలను మళ్లీ వరసగా పేరిస్తే మొత్తం బెండకాయ అవుతుంది. సీటీ యంత్రం కత్తి లేకుండా చక్రాలు తరుగుతుంది. కంప్యూటరు వాటిని పేర్చి పన్ను బొమ్మ కడుతుంది. ఆ బొమ్మకు పొడవు, వెడల్పు, లోతు మూడూ ఉంటాయి. తెర మీద దాన్ని తిప్పి వెనకవైపు చూడొచ్చు. తలకిందులు చేసి చూడొచ్చు. ఎక్కడ కావాలంటే అక్కడ అడ్డంగా కోసి చూడొచ్చు.

పెద్ద ఆసుపత్రి సీటీ యంత్రం పళ్ల పనికి మరీ పెద్దది. కిరణాలు ఎక్కువ. సన్నని కాలువలు అందులో బాగా కనిపించవు. 1990ల చివర్లో ఇటలీలోనూ జపాన్‌లోనూ దవడలకు, పళ్లకు వేరే యంత్రం తయారైంది. టార్చిలైటు వెలుతురు ముందుకు పోయే కొద్దీ వెడల్పవుతుంది కదా. ఇందులో కిరణాలు అట్లా పరుచుకుంటూ వస్తాయి. అందుకే కోన్ బీమ్ సీటీ అన్నారు. పొట్టిగా సీబీసీటీ అంటారు. మనిషి కూర్చుంటుంది, లేదా నిలబడుతుంది. గడ్డం ఒక దిమ్మ మీద ఆనిస్తుంది. యంత్రం తల చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. పది నుంచి నలభై సెకన్లలో పని ముగుస్తుంది. ఆ కొద్దిసేపట్లో వందల ఫోటోలు తీస్తుంది. నొప్పి ఉండదు. సూది ఉండదు. గుహలాంటి గొట్టంలోకి పోనక్కర్లేదు.

ఇంతకన్నా పదునైన యంత్రం ఇంకోటి ఉంది. దాన్ని మైక్రో సీటీ అంటారు. ఇటుకలు చిన్నవైతే గోడ మీద సన్నని పని చేయొచ్చు. కంప్యూటరు కట్టే బొమ్మ కూడా చిన్న చిన్న ఇటుకలతో కట్టినదే. సీబీసీటీలో ఇటుక మిల్లీమీటరులో పదో వంతు దగ్గర దగ్గర ఉంటుంది. మైక్రో సీటీలో నూరో వంతు దాకా పోవచ్చు. అది వెంట్రుక మందం కన్నా తక్కువ. కానీ దీన్ని మనుషుల నోటికి వాడలేరు. ఒక పన్ను తీయడానికి చాలాసేపు పడుతుంది. అన్ని కిరణాలు మనిషి ఒంటికి మంచిది కాదు. పీకేసిన పళ్లకు మాత్రమే అది పనికొస్తుంది.

పిల్లల పాలపన్ను ఊడితే ఆవుపేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతారు మన ఊళ్లలో. పెద్దవాళ్ల పన్ను పీకితే చెత్తలోకే పోతుంది. కానీ దంతవైద్య కళాశాలల్లో కొన్ని పళ్లను రోగిని అడిగి దాచిపెడతారు. శుభ్రం చేసి పరీక్షిస్తారు. హెస్ పళ్లు ఆమ్లంలో కరిగిపోయాయి. ఈ పళ్లకు ఏమీ కాదు. ఒకసారి స్కాన్ చేసి, దాని మీద వైద్యం చేసి, మళ్లీ స్కాన్ చేసి తేడా చూడొచ్చు.

అట్లా చూస్తేనే ఒక సంగతి బయటపడింది. 2001లో అదే జ్యూరిక్ పట్నంలో పరిశోధకులు కొన్ని పళ్ల కాలువలను నాలుగు రకాల పద్ధతుల్లో ఆకురాళ్లతో గీకారు. గీకక ముందూ, గీకిన తరువాతా మైక్రో సీటీలో చూశారు. ఏ పద్ధతిలో చేసినా కాలువ గోడల్లో నూటికి 35 వంతులు, అంతకన్నా ఎక్కువే, ఆకురాయి తగలకుండా మిగిలిపోయాయి. బిందె లోపలికి చెయ్యి పెట్టి తోమితే మూలలు అందనట్టు. అందుకే గీకడం ఒక్కటే చాలదు. మందునీళ్లతో నిదానంగా, చాలాసార్లు కడగాలి. డాక్టరు ఎంతసేపూ నీళ్లు పోస్తూనే ఉంటే విసుక్కోకూడదు. ఆకురాయి చేరని చోటికి చేరేది ఆ నీళ్లే.

మనిషికో తీరు

ముఖాలు అందరివీ ఒకలా ఉండవు. పళ్ల కాలువలూ అంతే. కింది దవడలో రెండో దవడ పన్ను ఉంది. కొందరికి దాని కాలువ గుండ్రంగా ఉండదు. కొడవలిలా వంపు తిరిగి ఉంటుంది. చైనా, కొరియా వాళ్లలో ఇది ఎక్కువ. కింది దవడ మొదటి పన్నుకు కొందరిలో రెండుకు బదులు మూడు వేళ్లుంటాయి. అది కూడా ఆ దేశాల్లోనే ఎక్కువ. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే తీరు ఇది.

అందుకని ఒక దేశం వాళ్ల లెక్క ఇంకో దేశానికి సరిపోదు. మన దేశంలో మన పళ్లనే చూడాలి. 2010లో చెన్నైలో దంతవైద్యులు భారతీయుల పై దవడ పళ్లను సీబీసీటీతో పరీక్షించి వివరాలు ప్రచురించారు. 2011లో చెన్నై నుంచే ఇంకో వింత సంగతి ప్రచురణ అయింది. ఒక రోగి పై దవడ మొదటి పన్నులో 8 కాలువలు కనిపించాయి. మూడు ఉంటాయనుకునే చోట ఎనిమిది. స్కాన్ తీసి చూశారు కాబట్టి నమ్మకంగా చెప్పగలిగారు. ఎనిమిదింటికీ వైద్యం చేసి పన్నును నిలబెట్టారు. ఇది చాలా అరుదు. అందరికీ ఎనిమిది ఉంటాయని భయపడక్కర్లేదు.

స్కాన్ అందరికీ అక్కర్లేదు

యంత్రం ఉంది కదా అని ప్రతి పంటి నొప్పికీ స్కాన్ తీయించుకోవడం తప్పు. సీబీసీటీలో కిరణాలు పెద్ద సీటీ కన్నా తక్కువే. కానీ చిన్న ఎక్స్‌రే కన్నా ఎక్కువ. అమెరికాలో దంతవైద్యుల సంఘాలు 2010లోనూ, మళ్లీ 2015లోనూ ఇదే చెప్పాయి. ముందు పన్నును చూడాలి, చిన్న ఎక్స్‌రే తీయాలి. దానితో తేలకపోతేనే స్కాన్. అది కూడా ఆ పన్ను ఉన్న చోటు వరకే తీస్తే చాలు. తల మొత్తం తీయక్కర్లేదు. ఖర్చు కూడా చిన్న ఎక్స్‌రేకు అయ్యేదానికి ఎన్నో రెట్లు. "ఈ స్కాన్ వల్ల నా వైద్యంలో ఏం మారుతుంది?" అని అడగడంలో తప్పు లేదు. సరైన కారణం ఉంటే డాక్టరు చెబుతారు.

కడుపుతో ఉంటే, ఉన్నానేమో అని అనుమానం ఉన్నా, ముందే చెప్పాలి. సిగ్గుపడి దాచకూడదు. స్కాన్‌కు ముందు కమ్మలు, ముక్కుపుడక, తలలో పిన్నులు తీయమంటారు. లోహం అడ్డుపడితే బొమ్మలో చారలు పడతాయి. మెడలో గొలుసులు కూడా తీయమంటారు. పుస్తెలతాడు తీయడానికి మనసొప్పకపోతే ఆ మాట అక్కడివాళ్లకు చెప్పాలి. ఫోటోకు అడ్డురాకుండా కిందికి జరిపితే సరిపోతుందేమో వాళ్లు చూస్తారు. యంత్రం తిరిగేటప్పుడు కదలకూడదు, మింగకూడదు, మాట్లాడకూడదు.

అన్నీ స్కాన్‌లో కనపడతాయనుకోవడమూ పొరపాటే. పన్ను మీద లోహపు తొడుగు ఉంటే దాని చుట్టూ మసకబారుతుంది. వేరులో సన్నని పగులు ఉంటే ఒక్కోసారి దొరకదు.

పన్ను నంబరు 26

ఇక మన అక్క సంగతి. ఆమె ఈసారి నగరంలో పెద్ద పళ్ల ఆసుపత్రికి పోయింది. హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. అట్లాంటి చోట ఖర్చు తక్కువ. వరస మాత్రం పొడుగు. డాక్టరమ్మ పన్ను చూసింది. పాత కాగితాలు చూసింది. చిన్న ఎక్స్‌రేలు రెండు, రెండు వైపుల నుంచి తీయించింది. అనుమానం తీరలేదు. అప్పుడు స్కాన్ రాసింది.

తెర మీద అక్క పన్ను తిరిగింది. డాక్టరమ్మ బొమ్మను అడ్డంగా కోసి చూపించింది. మూడు తెల్లని చుక్కలు కనిపించాయి. అవి మందు నింపిన కాలువలు. ముందు వేరులో తెల్లచుక్క పక్కనే నల్లని చిన్న చుక్క ఉంది.

"ఇదేంటి డాక్టరమ్మా?"

"ఇదే నాలుగో కాలువ. ఎవరూ దీన్ని ముట్టుకోలేదమ్మా. దీని కొసన చూడు, నల్లగా మచ్చలా ఉంది. అక్కడ ఎముక అరిగిపోయింది."

"ఇప్పుడు పీకేస్తారా?"

"ఇప్పుడే వద్దు. తొడుగు తీసి, మైక్రోస్కోపులో చూసి, ఆ కాలువ శుభ్రం చేద్దాం."

"తప్పకుండా తగ్గుద్దా?"

"తప్పకుండా అని చెప్పలేనమ్మా. ఎముక మళ్లీ నిండాలంటే నెలలు పడుతుంది. ఆరు నెలలకు ఒకసారి వచ్చి చూపించుకోవాలి. తగ్గకపోతే ఇంకో దారి చూద్దాం."

చేతికి ఒక చీటీ ఇచ్చారు. చీటీ మీద 26 అని రాసి ఉంది. అక్క ఈ మధ్యే చదవడం నేర్చుకుంది. అంకెలు పోల్చుకోగలదు. "ఈ ఇరవై ఆరు ఏమిటండీ? నా వరస నంబరా?" అని నర్సును అడిగింది.

వరస నంబరు కాదు. అది పన్ను నంబరు. నోటిని నాలుగు భాగాలు చేస్తారు. పైన కుడివైపు 1. పైన ఎడమవైపు 2. కింద ఎడమవైపు 3. కింద కుడివైపు 4. కుడి, ఎడమ అంటే పన్ను ఉన్న మనిషి కుడి ఎడమలే. చూసే డాక్టరువి కావు. తరువాత ముందు పళ్ల మధ్య నుంచి వెనక్కి ఒకటి, రెండు అని లెక్కపెడతారు. 26 అంటే పైన ఎడమవైపు ఆరో పన్ను. అదే మొదటి దవడ పన్ను. ఇది ఆరేళ్ల వయసులో వస్తుంది. దీనికి ముందు అక్కడ పాలపన్ను ఉండదు. అందుకే చాలామంది తల్లులు దీన్నే పాలపన్ను అనుకుంటారు. పుచ్చినా ఊడిపోయేదేగా అని వదిలేస్తారు. అది ఊడితే మళ్లీ రాదు.

అక్క బల్ల మీద కూర్చుంది. నాలుకతో మధ్య నుంచి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరో దాని మీద తొడుగు నున్నగా తగిలింది. చీటీ సరిగ్గానే రాశారు. చీటీని మడిచి కొంగున ముడి వేసుకుంది. ఇంటికి పోయాక తన చిన్నపిల్ల నోరు తెరిపించి 16, 26, 36, 46 చూడాలనుకుంది. పిల్లకు మొన్ననే ఏడో ఏడు వచ్చింది.